కుంగుతున్న పాత కట్టడానికి ఏ చికిత్స? పునాది పనుల మధ్య ఎంపిక

1934లో పీసా వాలు గోపురం పునాదికి 361 రంధ్రాలు తొలిచి, వాటిలోకి సిమెంటు ద్రావణం ఎక్కించారు. పునాది గట్టిపడితే ఒరగడం ఆగుతుందని ఆశించారు. కానీ గోపురం దక్షిణానికి ఇంకాస్త ఒరిగింది. అంతకు దాదాపు వందేళ్ల ముందు, 1838లో, నేలలోకి దిగిపోయిన గోపురం పాదభాగం కనిపించాలని చుట్టూ కందకం తవ్వినప్పుడూ ఇదే జరిగింది. రెండు పనులూ మంచి ఉద్దేశంతో చేసినవే. రెండింటిలోనూ పద్ధతిని ముందు ఎంచుకున్నారు, నేల సంగతి తర్వాత తెలిసింది.

కుంగుతున్న చారిత్రక కట్టడం బాధ్యత మీ మీద ఉంటే మీ ముందుకు చాలా పద్ధతులు వస్తాయి. పునాది కింద కాంక్రీటు పోయడం, సన్నని పైల్స్ (నేలలో లోతుగా దించే స్తంభాలు) దించడం, నేలలోకి గ్రౌటు (సిమెంటు లేదా సున్నం ద్రావణం) లేదా రెజిన్ (గట్టిపడే రసాయన ద్రవం) ఎక్కించడం, ఎత్తుగా ఉన్న వైపు మట్టి తీయడం, గోడలను కడ్డీలతో బిగించడం. ప్రతిదానికీ గట్టిగా వాదించేవారు ఉంటారు. వీటిలో ఏది బలమైనదని అడిగితే సరైన జవాబు రాదు. ఈ కట్టడం ఏ కారణంతో, ఏ వేగంతో కదులుతోంది, ఆ కదలికకు ఏది సరిపోతుంది అని అడగాలి. కదలిక ఎప్పుడో ఆగిపోయి ఉంటే వీటిలో ఏదీ అక్కర్లేకపోవచ్చు.

ముందు గోడను చదవండి

పగులు దగ్గరికి వెళ్లి టార్చి వేసి చూడండి. అంచులు పదునుగా ఉండి, లోపల ఇటుక రంగు తాజాగా కనిపిస్తే అది కొత్త పగులు. అంచులు మొద్దుబారి, లోపల దుమ్ము, సాలెగూళ్లు, పాత సున్నం పొరలు ఉంటే ఏళ్లనాటిది. ఒకప్పుడు గచ్చుతో పూడ్చిన పగులు ఆ గచ్చునే చీల్చుకుని మళ్లీ తెరుచుకుంటే కదలిక ఆగలేదని అర్థం. పగులు వెడల్పు పైనుంచి కిందికి ఎలా మారుతోందో కూడా గమనించండి. మూల కుంగినప్పుడు పగులు సాధారణంగా పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటుంది. గోడ మధ్యభాగం దిగినప్పుడు దీనికి తిరగబడి, కింద వెడల్పుగా ఉంటుంది.

గోడలోనే ఇంకో సాక్ష్యం ఉంది. కట్టిన మేస్త్రీ ప్రతి వరసనూ మట్టం చూసుకునే పేర్చి ఉంటాడు. ఆ వరస వెంట ఇప్పుడు మట్టం కొలిస్తే, కట్టిన రోజు నుంచి ఎక్కడ ఎంత దిగిందో తెలుస్తుంది. పీసాలో పై అంతస్తులు కట్టినవారు ఒరుగుతున్న వైపు రాతి వరసలను కాస్త ఎత్తు పెంచి సరిచేస్తూ పోయారు. అందుకే గోపురం నిలువునా కొద్దిగా వంగి ఉంటుంది. ఏ అంతస్తు కట్టే నాటికి ఎంత ఒరిగి ఉందో ఆ వంపును బట్టే ఇంజినీర్లు లెక్కగట్టారు. ఎనిమిది శతాబ్దాల నాటి కట్టడం తన చరిత్రను తనే రాసి పెట్టుకుంది. దాన్ని చదవకుండా యంత్రాలు తెప్పించడం నాకు బాధ కలిగించే విషయం.

తర్వాత కొలత. పగులుకు ఇరువైపులా చిన్న లోహపు బిళ్లలు అతికించి, వాటి మధ్య దూరాన్ని నెలకోసారి వెర్నియర్‌తో (అతి చిన్న తేడాలనూ చూపే కొలత పరికరం) కొలవాలి. కనీసం ఒక ఏడాది, వీలైతే రెండేళ్లు. బంకమట్టి నేల ఎండల్లో ఎండి కుంచించుకుంటుంది, వానలకు తడిసి ఉబ్బుతుంది. దానితోపాటే పగులు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. వేసవిలో మూడు నెలలే కొలిచినవారికి భవనం కూలిపోతోందని అనిపిస్తుంది. ఏడాదంతా కొలిస్తే కొలతల గీత పైకి వెళ్లి మళ్లీ మొదటికి వచ్చిందో లేదో తెలుస్తుంది. ఏటా మొదటికి వస్తూ ఉంటే అది రుతువుల కదలిక. రాకుండా మెట్లుమెట్లుగా పెరుగుతుంటేనే అసలు కుంగుబాటు.

పగుళ్ల తీవ్రతకు బ్రిటన్ ఇంజినీర్లు వాడే వర్గీకరణ ఒకటి ఉంది. 1 మి.మీ. వరకు అతి స్వల్పం, 5 మి.మీ. వరకు స్వల్పం, 5 నుంచి 15 మధ్యస్థం, 15 నుంచి 25 తీవ్రం, ఆపైన అతి తీవ్రం. సాధారణ ఇటుక గోడలకు ఇది బాగా పనికొస్తుంది. కమాను శిఖరంలోనో గుమ్మటం అడుగునో వచ్చిన పగులుకు మాత్రం వెడల్పు ఒక్కటే చూసి ధైర్యం తెచ్చుకోకూడదు.

కారణాన్ని ఆపితే సరిపోతుందా?

చాలా సందర్భాల్లో సరిపోతుంది. అందుకే ఈ దారిని మొదట పెడుతున్నాను. ఒక మూల మాత్రమే దిగుతోందనుకోండి. ఆ మూలలోనే కప్పు నీటి గొట్టం కిందికి వస్తోంది. నేలలో దాని అతుకు ఊడిపోయింది. ప్రతి వానకూ కప్పు మీది నీరంతా పునాది పక్కనే దిగి, సన్న మట్టిని కొట్టుకుపోతోంది. అక్కడ పైల్స్ దించితే మూల నిలబడుతుంది, కోత మాత్రం ఆగదు. గొట్టం బాగుచేసి, నీటిని దూరంగా పంపి, ఏడాది కొలిస్తే చాలాసార్లు పగులు కదలడం మానేస్తుంది. ఖర్చులో పోలికే లేదు.

చెట్ల విషయంలో తొందర పనికిరాదు. బంకమట్టి నేలలో పెద్ద చెట్టు వేళ్లు తేమ లాగేసి గోడను దించుతాయి, నిజమే. అయితే ఆ చెట్టును ఒక్కసారిగా కొట్టేస్తే నేల మళ్లీ తేమ పట్టి ఏళ్ల తరబడి ఉబ్బుతుంది, పునాదిని పైకి ఎత్తుతుంది. చెట్టు కట్టడం కంటే పాతదైతే ఈ ముప్పు మరీ ఎక్కువ. అక్కడ పునాది వేసిందే అప్పటికే ఎండిపోయిన నేల మీద కదా. కొమ్మలు క్రమంగా తగ్గించడం, వేళ్లకు అడ్డుగోడ దించడం లాంటి నిదానపు మార్గాలే మంచివి.

భూగర్భజలం పడిపోవడం మూడో కారణం. కొయ్య గుంజల మీద నిలిచిన కట్టడాలకు ఇది ప్రాణాంతకం. నీటిలో మునిగి ఉన్నంతకాలం కొయ్య శతాబ్దాలు నిలుస్తుంది. నీటిమట్టం దిగి గుంజల తలలు గాలికి తేలితే కుళ్లు మొదలవుతుంది. ఇక్కడ నీటిమట్టాన్ని మళ్లీ పెంచి నిలబెట్టడమే అసలైన పునాది పని. వెనిస్‌లో పరిశ్రమల కోసం బావులు తోడినంతకాలం నగరం వేగంగా దిగింది. 1970లలో తోడకం ఆపాక ఆ కారణంతో వచ్చే కుంగుబాటు దాదాపుగా ఆగింది. అలాగని దిగినంతా తిరిగి రాలేదు. అణిగిన బంకమట్టి మళ్లీ పూర్తిగా పైకి లేవదు.

కాంక్రీటు అండర్‌పిన్నింగా, మైక్రోపైల్సా?

కారణాన్ని ఆపలేనప్పుడు, లేదా పునాది కింది నేల ఆ బరువుకు ఎప్పటికీ చాలదని తేలినప్పుడు, బరువును గట్టి పొర మీదికి చేర్చాలి. ఎక్కువగా పోటీ పడేవి ఈ రెండే.

అండర్‌పిన్నింగ్‌లో గోడ కింద సుమారు ఒక మీటరు వెడల్పు గుంతలు ఒకటి విడిచి ఒకటి తవ్వి, కాంక్రీటు నింపి, పాత పునాదికీ కొత్త దిమ్మెకూ మధ్య సందులో పొడి మిశ్రమం గట్టిగా దట్టిస్తారు. పక్కపక్క గుంతలు ఒకేసారి తవ్వకపోవడం ఇందులో ప్రాణసూత్రం. గట్టి నేల రెండు మూడు మీటర్ల లోతులోనే ఉండి, గుంతలోకి నీరు రాకపోతే ఇది నమ్మకమైన పద్ధతి. ప్రతి గుంతలోకీ మనిషి దిగి నేలను కళ్లతో చూడవచ్చు. నాకు ఇందులో నచ్చే గుణం అదే.

నీరు ఉంటే లెక్క మారిపోతుంది. ఇంగ్లండ్‌లోని వించెస్టర్ కేథడ్రల్ (పెద్ద చర్చి) పీట్ నేల మీద, అంటే కుళ్లిన మొక్కలతో ఏర్పడిన మెత్తని మట్టి మీద, కుంగుతున్నప్పుడు గుంతల్లోకి నీరు ఉబికింది. దాన్ని తోడితే నేల ఇంకా దిగిపోతుందని భయపడ్డారు. విలియం వాకర్ అనే గజఈతగాడు 1906 నుంచి 1911 వరకు, సుమారు 6 మీటర్ల లోతున, ఏమీ కనిపించని మురికి నీటిలో చేతులతో తడుముకుంటూ పీట్ తీసి, కాంక్రీటు సంచులు పేర్చాడు. అడుగు మూసుకున్నాకే నీరు తోడి, మేస్త్రీలు పైపని చేశారు. ఇప్పుడు అలాంటి చోట ఎవరూ గుంతలు ప్రతిపాదించకూడదు. అది మైక్రోపైల్స్ చోటు.

మైక్రోపైల్ అంటే 300 మి.మీ. కంటే తక్కువ వ్యాసంతో తొలిచి, ఉక్కు కడ్డీ పెట్టి గ్రౌటు నింపిన సన్నని స్తంభం. ఇటలీ ఇంజినీరు ఫెర్నాండో లిజ్జి 1950లలో దీన్ని యుద్ధంలో దెబ్బతిన్న పాత కట్టడాల కోసమే రూపొందించాడు. చెట్టు వేళ్లలా పునాదిని గుచ్చుకుంటూ నేలలోకి చొచ్చుకుపోయే అమరిక అది. చిన్న యంత్రం చాలు, తక్కువ ఎత్తున్న గదిలోనూ పని చేయవచ్చు, అదురు తక్కువ, చాలా లోతుకు దించవచ్చు. కింద పురావస్తు పొరలు ఉంటే నిలువునా తవ్వేసే గుంతల కంటే ఈ సన్నని రంధ్రాలు చేసే నష్టం చాలా తక్కువ.

దీనికీ బలహీనతలు ఉన్నాయి. పాత గోడల లోపల తరచూ రాళ్లు, మట్టి, సున్నం కలిపి నింపిన పూరణ ఉంటుంది. తొలిచేటప్పుడు వాడే నీరు ఆ పూరణను కడిగేయవచ్చు. పైల్ మోసే బరువు ఒకే బిందువులో గోడకు తగులుతుంది. గోడ డొల్లగా ఉంటే ముందు దాన్ని సున్నపు గ్రౌటుతో బిగించుకోవాలి. ఇంకొకటి, పైల్ కొద్దిగా దిగితేనే బరువు అందుకుంటుంది. పని పూర్తయిన వెంటనే కదలిక సున్నా కావాలని ఆశించవద్దు.

రెండింటికీ సమానమైన ప్రమాదం ఒకటుంది. దెబ్బతిన్న మూలకు మాత్రమే కొత్త పునాది వేసి మిగతా గోడను వదిలేస్తే, ఆ మూల బండలా నిలుస్తుంది, మిగతాది రుతువులతో ఆడుతుంది. కొన్నేళ్లకు రెండూ కలిసే చోట కొత్త పగులు పుడుతుంది. బంకమట్టి నేలలో పాక్షిక పని ప్రతిపాదిస్తే ఈ ఒక్క ప్రశ్న గట్టిగా అడగండి.

నగరమంతా దిగుతున్న చోట లోతైన పైల్స్ ఇంకో విచిత్రం చేస్తాయి. మెక్సికో సిటీలో స్వాతంత్ర్య దేవత స్తంభం 1910లో లోతైన పునాది మీద నిలిచింది. భూగర్భజలం తోడుకుంటూ నగరం కిందికి దిగింది, స్తంభం దాదాపు ఉన్నచోటే ఉంది. దాని పాదానికి చేరుకోవడానికి కాలక్రమంలో 14 మెట్లు కొత్తగా కట్టాల్సి వచ్చింది. ఒంటరి స్తంభానికి మెట్లు కలిపితే సరిపోతుంది. పక్క కట్టడాలతో గోడలు పంచుకున్న చర్చికో, చుట్టూ ప్రాంగణమున్న మందిరానికో అది పరిష్కారం కాదు. దిగుతున్న మట్టి పైల్స్‌ను కూడా తనతో కిందికి లాగి అదనపు బరువు వేస్తుంది.

గ్రౌటా, రెజినా?

కంకర, ఇసుక నేలల్లో ఖాళీలు ఉంటే సిమెంటు లేదా సున్నం గ్రౌటు బాగా చొచ్చుకుపోతుంది. బంకమట్టిలో చొచ్చుకోదు, పగలగొట్టుకుని వెళ్తుంది. వ్యాకోచించే పాలీయురేథేన్ రెజిన్ వేగంగా పని చేస్తుంది, తవ్వకం ఉండదు, రోజుల్లో ముగుస్తుంది, నేలబండను కొద్దిగా పైకి లేపుతుంది కూడా. ఈ సౌకర్యమే చాలామందిని లొంగదీస్తుంది. చారిత్రక కట్టడానికి నేను దీన్ని ముందు వరసలో పెట్టను. ఎక్కించినది నేలలో ఎక్కడికి వెళ్లిందో కచ్చితంగా చూడలేం, మళ్లీ బయటికి తీయలేం, పాత కాలువల్లోకీ పురావస్తు పొరల్లోకీ పాకవచ్చు. రాయి, సున్నం అతుకుల గోడ సన్నని వ్యాకోచానికి కూడా అతుకు దగ్గర విచ్చుకుంటుంది. ఆధునిక కాంక్రీటు నేలకు సరిపోయేది పాత గోడకు సరిపోవాలని లేదు.

గోడలోకి గ్రౌటు ఎక్కించాల్సి వస్తే సిమెంటు వద్దు. పాత గచ్చులో జిప్సం ఉంటే సిమెంటుతో కలిసి ఉబ్బే లవణాలు పుడతాయి, గోడ లోపలినుంచే చీలుతుంది. సున్నపు గ్రౌటు నిదానంగా గట్టిపడుతుంది, గోడతో కలిసి కదులుతుంది.

గ్రౌటుకు తిరుగులేని చోటు ఒకటుంది. సొరంగం తవ్వుతున్నప్పుడు నేల దిగే కొద్దీ పై కట్టడం కింద కొంచెం కొంచెంగా గ్రౌటు పంపి సరిచేస్తూ పోవడం. 1990లలో లండన్‌లో జూబిలీ మెట్రో మార్గం పొడిగిస్తున్నప్పుడు బిగ్ బెన్ గడియార గోపురం ఒరుగును ఇలాగే అదుపులో ఉంచారు. కొలత చూసి గ్రౌటు, మళ్లీ కొలత. కారణం తాత్కాలికం కాబట్టి ఇది చెల్లింది.

ఎత్తాలా, దింపాలా?

ఒరిగిన కట్టడాన్ని చూసిన వెంటనే దిగిన వైపు ఎత్తాలనిపిస్తుంది. బలహీనమైన వైపున ఏ పని చేసినా, ఎంత జాగ్రత్తగా తాకినా, అది ఇంకాస్త దిగే ప్రమాదం ఉంది. దీనికి తిరగబడిన ఆలోచన ఎత్తుగా నిలిచిన వైపు కింద మట్టిని కొద్దికొద్దిగా తీసి ఆ వైపును దింపడం. మెక్సికో సిటీ ప్రధాన కేథడ్రల్‌లో 1990లలో ఈ పని చేశారు.

పీసాలో అక్కడిదాకా రావడానికి చాలా కష్టపడ్డారు. 1990లో గోపురం మూసేశారు. అప్పటికి ఒరుగు దాదాపు ఐదున్నర డిగ్రీలు. 1993లో ఉత్తరం వైపు సుమారు 600 టన్నుల సీసం దిమ్మెలు పేర్చారు. గోపురం కొద్దిగా వెనక్కి వచ్చింది. సీసం కంటికి ఇంపుగా లేదని దాని బదులు నేలలోకి లంగర్లు దించాలనుకున్నారు. ఆ పనికోసం నీటిమట్టం కింద తవ్వడానికి ద్రవ నైట్రోజన్‌తో నేలను గడ్డకట్టించారు. 1995 సెప్టెంబరులో గోపురం ఒక్కసారిగా దక్షిణానికి కదలడం మొదలుపెట్టింది. పని ఆపి, సీసం సుమారు 900 టన్నులకు పెంచి నిలబెట్టుకున్నారు. ఆ తర్వాతే 1999 నుంచి 2001 వరకు ఉత్తరం వైపు 41 ఏటవాలు గొట్టాల ద్వారా సుమారు 38 ఘనపు మీటర్ల మట్టి తీశారు. దాదాపు పద్నాలుగున్నర వేల టన్నుల గోపురం అర డిగ్రీ వెనక్కి వచ్చింది. 2001 డిసెంబరులో మళ్లీ తెరిచారు.

ఈ పద్ధతిలో కట్టడంలోకి ఒక్క మేకు కూడా దిగలేదు. అదే దీని గొప్పతనం. అయితే ఇది అందరికీ కాదు. కట్టడం ఒకే ముద్దలా కదిలేంత దృఢంగా ఉండాలి, నేల మెత్తగా, ఒకే తీరుగా ఉండాలి, గంటగంటకూ కొలతలు రావాలి, రోజుకు గుప్పెడు మట్టితో సంతృప్తిపడే ఓపిక ఉండాలి. పొడవాటి సన్న గోడల ఇంటికి, పలు దశల్లో అతికించి కట్టిన కోటకు ఇది పనికిరాదు.

పునాదిని వెడల్పు చేయడం, గోడలను కట్టివేయడం

ఇంగ్లండ్‌లోని యార్క్ మిన్‌స్టర్ చర్చి కేంద్ర గోపురం కింద 1967–72 మధ్య పాత పునాదుల చుట్టూ కాంక్రీటు పట్టీలు పోసి, స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలతో బిగించారు. బరువు ఎక్కువ వైశాల్యం మీద పరుచుకుంది. తవ్వకంలో రోమన్ కాలపు కోట అవశేషాలు బయటపడి, ఇప్పుడు అక్కడే మ్యూజియంగా నిలిచాయి. పునాది పనికి పురావస్తు నిపుణులు మొదటి రోజు నుంచే తోడుండాలనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

కదలిక చిన్నదైతే పునాది జోలికి పోకుండా గోడల మధ్య ఉక్కు కడ్డీలు వేసి, కప్పు మట్టంలో కట్టు బిగిస్తే కట్టడం ఒక్కటిగా కదులుతుంది. కడ్డీని ఎప్పుడైనా తీసేయవచ్చు. ఏమీ తేలని దశలో కూడా ప్రాణరక్షణకు ఇదీ, తాత్కాలిక ఆనింపులూ ముందుగా చేయదగినవి.

నేనైతే ఎలా తేల్చుకుంటాను

కదలిక ఆగిపోయిందని ఏడాది కొలతలు చెబితే, పగుళ్లను సున్నపు గచ్చుతో పూడ్చి వదిలేస్తాను. సున్నం అతుకుల పాత గోడ చిన్న కదలికను తనలోనే సర్దుకుంటుంది. నీరు, చెట్టు, తోడకం కారణమైతే ముందు వాటి పని పట్టి మళ్లీ కొలుస్తాను. మెత్తని పొర తక్కువ మందంగా ఉండి నీరు లేకపోతే అండర్‌పిన్నింగ్, నీరున్నా లోతు ఎక్కువైనా మైక్రోపైల్స్. ఒంటరి గోపురం ఒరుగుతుంటే దింపడం గురించి అడుగుతాను. సొరంగం వస్తుంటే గ్రౌటు. రెజిన్ చివర.

సలహా ఇచ్చేవారిని కూడా ఎంచుకోవాలి. ఒకే పద్ధతి చేసే సంస్థను పిలిస్తే ఆ పద్ధతే పరిష్కారమని చెబుతుంది. కారణం తేల్చే ఇంజినీరుకూ, పని చేసే సంస్థకూ సంబంధం ఉండకూడదు. ప్రతిపాదన వచ్చినప్పుడు ఇవి కాగితం మీద రాయించుకోండి: కదలికకు కారణం ఏమిటని తేల్చారు, నేలలో ఎన్ని చోట్ల, ఎంత లోతుకు పరీక్షలు చేశారు, పని జరుగుతుండగా రోజుకు ఎన్ని మి.మీ. కదిలితే ఆపేస్తారు, ఆపాక ఏం చేస్తారు. చివరి రెండు ప్రశ్నలకు అంకెలతో జవాబు రాకపోతే ఆ ప్రతిపాదనను పక్కన పెట్టండి. పీసాలో 1995లో గోపురం నిలిచింది కొలతలు వెంటవెంటనే వచ్చినందుకూ, అదనపు సీసం పేర్చడానికి వీలున్నందుకూ.

పని ముగిశాక బిళ్లలు పీకేయవద్దు. కనీసం మరో రెండు వేసవులు, రెండు వానాకాలాలు కొలవండి. పగుళ్లు పూడ్చడం, గిలాబా వేయడం అన్నీ ఆ తర్వాతే. ముందే పూసేస్తే ఆ పూత కింద ఏం జరుగుతోందో ఎవరికీ కనిపించదు. కొలతల పుస్తకం, నేల పరీక్షల నివేదికలు, ఎక్కడ ఏది దించారో చూపే పటాలు కట్టడంతోపాటే భద్రపరచండి. మరో వందేళ్లకు ఆ గోడ దగ్గర టార్చి పట్టుకుని నిలబడే ఇంజినీరు ముందుగా వెతికేది వాటినే.